రెండంగుళాలు తక్కువైన అంగి

నవ్వబోయి నవ్వులపాలైతే నయమే, నిన్న నాకు అంతకంటే ఘోరమైంది. చాయ్ తాగుకుంట వినుండ్రి, కానీ మధ్యల నవ్వకుండ్రి. నవ్వినందుకే గదా ఇదంతా!

కొత్తగూడెంల మాది అబ్బా, అంటే నాయిన, కాలం నుంచి దర్జీ దుకాణమని మీకు తెలుసు. రోజూ వచ్చే గిరాకీల కొలతలకు మా అబ్బా పాత పేపర్ల మీద కటింగ్ చేసి పెట్టుకునేటోడు. వీపు ముక్క, చెయ్యి ముక్క, కాలర్ ముక్క, అన్నిటి మీద పెన్సిల్‌తోటి మనిషి పేరు. కొలతల పుస్తకాన్ని చెదలు తిన్నయ్ గానీ, ఈ కాగితాలు మాత్రం రేకు పెట్టెల పదిలంగున్నయ్.

పోయిన నెల దుకాణం సదురుదామని ఆ పెట్టె తెరిచిన. చూస్తే ఏముంది, అన్నీ డెబ్బై ఒకటి లడాయి నాటి పేపర్లు! ఇగ నా పని బంద్. ఎవరిదో పైజామా పిర్ర మీద పెద్ద అక్షరాలతోటి 'శత్రువు వెనుకంజ'! ఇంకో ముక్క మీద 'రాత్రిపూట దీపాలు వెలిగించరాదు', దాని కిందనే టార్చిలైటు అడ్వర్టైజ్‌మెంటు! ఒక కాలర్ ముక్క మీద 'ప్రజలు భయపడవలదు'.

పక్క దుకాణం యాదగిరిని పిలిచిన. ఫోటోలకు ఫ్రేములు కడతడు, నోరు మాత్రం ఊకుండది. "మెడ పట్టుకుని భయపడకు అంటున్నరు గదా ఖాజా భాయ్!" అని ఒకటే నవ్వు. "వీటిని అతికించియ్యి, ఫ్రేమ్ కడత. గిరాకీ నవ్వుకుంట లోపలికొస్తది" అన్నడు.

నాకూ హుషారొచ్చింది. ఒక వీపు ముక్క మీద 'మన వైపు నష్టం' అని ఉంది, అంతే, ఆడికే ఆగింది. ఎంత నష్టమా అని పెట్టెంతా గాలిస్తే, వేరేటోని చెయ్యి ముక్క మీద 'స్వల్పం' దొరికింది. రెండూ కలిపితే వార్త పూరా అయితది గానీ, మధ్యల వీపు ముక్క అంచుకు రెండంగుళాల ఉత్త కాగితం అడ్డమొచ్చింది. అక్షరాల ధ్యాసల పేరు గూడ చూడలే, వంకరటింకరగ కసుక్కున కోసిన, ఆ పీలికను చెత్తల పడేసి, టేపు పెట్టి అతికించిన.

"స్వల్పమట! ఎన్నడన్న ఎక్కువని రాసిన్రా వీళ్లు?" అని ఇద్దరం పడీపడీ నవ్వినం.

ఇగ ఎర్రమ్మ అవ్వ సంగతి చెప్పాలె. ఆమెది అడవి దిక్కు ఊరు. ఆమె అన్న రామన్న మిలిటరీల ఉండె. సెలవుల వచ్చినప్పుడు మా అబ్బా దగ్గర అంగికి కొలతలిచ్చి పోయిండు. లడాయి నడుస్తున్నప్పుడే అబ్బా ఆనాటి పేపర్ మీద కటింగ్ చేసి కుట్టి పెట్టిండు. అంగి తయారైంది, మనిషి రాలే. టెలిగ్రాం వచ్చింది. శవం గూడ రాలే.

అప్పటి నుంచి ఏటా పెద్దలకు పెట్టుకునే రోజు, అన్న పేరున నిలబెట్టిన రాయికి అవ్వ కొత్త అంగి తొడుగుతది. అది ఎండకు వానకు ఆడనే చీకిపోతది. మళ్లా ఏడాదికి ఇంకోటి. ఆ మనిషి కొలత మా కాగితం మీద తప్ప దునియాల ఇంకెక్కడా లేదు.

పోయిన వారం అవ్వ బట్ట పంపింది. రామన్న ముక్కలు వెతికితే వీపు ముక్క లేదు. చూస్తే నేను అతికించిన వార్తల ఉంది. 'హమ్మయ్య, దొరికింది' అనుకుని దాన్నే బల్ల మీద పరిచి, వీపు వరకే బట్ట కోసిన. రెండంగుళాలు నేనే కోసేసిననని యాదికొస్తే ఒట్టు!

నిన్న పగటాల అవ్వ వచ్చింది. తెల్లారితే పెద్దల పండుగ. అంగి పరిచి, వీపు మీద జానలు వేసింది. మళ్లా వేసింది. నా మొఖం దిక్కు చూసింది.

"ఏం బిడ్డా, మా అన్న చిక్కిండా?"

అప్పుడు యాదికొచ్చింది కత్తెర!

"కాదవ్వా, ఇప్పుడు టైట్ ఫ్యాషన్" అన్న. సిగ్గు లేదు నాకు.

"సచ్చినోనికి ఫ్యాషనేంది?" అని, బల్ల మీదున్న కాగితం దిక్కు చూసింది. "గా కాగితమేనా మా అన్నది? ఇన్నేండ్లయింది, దాని మీద ఏం రాసుందో అడగనేలే. జర సదువు."

"ఏదో సబ్బు అడ్వర్టైజ్‌మెంటవ్వా" అందామని నోరు తెరిచిన. అంతల్నే గడపల నిలబడ్డ యాదగిరి, రేడియోల వార్తలు చదివినట్టు, "మన వైపు నష్టం స్వల్పం!" అని చదివి ఇకిలించిండు. అది ఎవరి వీపో ఆయనకు తెల్వది పాపం.

"స్వల్పమంటే ఏంది బిడ్డా?"

"కొంచెమే అని, అవ్వా."

"అవ్, ఒక్కడే గదా పోయిండు" అన్నది అవ్వ. "మాకున్నది గూడ ఒక్కడే."

అవ్వ కాళ్ల మీద పడి, నేను నవ్వింది, కోసింది, అబద్ధమాడింది అన్నీ చెప్పిన. తిడితే బాగుండు అనిపించింది. తిట్టలే.

"తిడితే కొలత వస్తదా? లేచి నిలబడు" అన్నది. నా భుజాల మీద రెండు చేతులు పెట్టి, వీపు మీద జానలు వేసింది. "గింతనే ఉండె మా అన్న. నీ కొలతకే కుట్టు. జల్దీ కానియ్యి, ఆఖరి బస్సు పోతది."

యాదగిరి ఉరికిపోయి అదే రంగు బట్ట తెచ్చిండు. నేను తల ఎత్తకుంట కుట్టిన. అవ్వ స్టూలు మీద కూసుని చూసుకుంట ఉంది. ఇస్త్రీ చేసి చేతికిస్తే తీసుకోలే.

"ఒకపారి తొడిగి చూపియ్."

తొడుక్కున్న. అద్దం దిక్కు చూసే ధైర్యం లేదు నాకు. అవ్వ నా చుట్టూ తిరిగింది, వీపు నిమిరింది, కాలర్ సదిరింది. మెల్లగ "అన్నా" అన్నది. పిలిచిందో, ఊకె అన్నదో తెల్వది.

"ఇగ విప్పు బిడ్డా, నువ్వు తొడుక్కుంటే మంచిది గాదు" అన్నది.

విప్పుదామంటే నాతోటి ఒక్క గుండీ గూడ కాలే! ముప్పై ఏండ్ల నుంచి గుండీలు కుట్టి బతుకుతున్నోన్ని, ఆఖరికి ఒక్కొక్కటి అవ్వనే విప్పింది.