ముదీర్ వేషం కట్టిన లచ్చన్న

లచ్చన్నకు వేషం వేయించకూడదు. ఈ సంగతి జగిత్యాల పక్కన వాళ్ల ఊళ్లో అందరికీ తెలుసట. ఇక్కడ అబుదాబిలో, మా ముసఫ్ఫా క్యాంపులో, ఒక్కరికీ తెలియలేదు. అదే మా కొంప ముంచబోయింది.

నేను ఆ క్యాంపు క్లినిక్‌లో నర్సుని. పేరు శాంతిప్రియ, మాది నరసాపురం. లచ్చన్న మా కంపెనీలోనే, స్లాబు పోయకముందు ఇనుప చువ్వలు కట్టే పనిలో ఉన్నాడు. యాభై దాటాయి. ఆయన మీసాన్ని చూసుకున్నంత శ్రద్ధగా షుగరును చూసుకుని ఉంటే నాకు సగం పని తగ్గేది. ఎడమ కాలి బొటనవేలికి పుండు పడి ఎంతకీ మానలేదు. మానుతుందా మరి? మూడు పూటలా కొండంత అన్నం!

"లచ్చన్న గారూ, ఈ వేలు ఉండాలా, అన్నం ఉండాలా? తేల్చుకోండి" అని ఒకరోజు గట్టిగా కేకలేశాను.

"గారు అనకు సిస్టర్, కొట్టినట్టె ఉంటది" అన్నాడు. కోపమొస్తేనే నేను గారు అంటానని ఆయనకు తెలుసు.

మర్నాటి నుంచి జొన్నరొట్టె మొదలుపెట్టాడు. క్యాంపు వంటగదిలో వరసగా పొయ్యిలుంటాయి. గదికో పొయ్యి, వంతులవారీగా వంట. పని నుంచి వచ్చి ఎంత అలసిపోయినా సరే, పిండి తడిపి, రెండు చేతులతో టపటపా కొట్టి, పెనం మీద వేసేవాడు. ఆ చప్పుడు క్లినిక్‌కి వినిపించేది. రెండు నెలలు తిరక్కుండానే పుండు మానింది. అది నా మందుల గొప్పతనమని నేననేదాన్ని. ఆయన ఒప్పుకునేవాడు కాదు, రొట్టెకే కట్టబెట్టేవాడు ఆ పేరు.

అంతా సవ్యంగా ఉండగా వంటగది తలుపు మీద కాగితం అంటించారు. వచ్చే నెల నుంచి వంట బంద్, కేటరింగ్ ప్యాకెట్లు వస్తాయి, అని. ఓసారి నూనె భగ్గుమని గోడ నల్లబడిన మాట నిజమే. కానీ ప్యాకెట్ సంగతి పక్క క్యాంపువాళ్లను అడిగితే చెప్తారు. తెల్లారకముందే వండి కట్టేస్తారు. మధ్యాహ్నం ఎండలో విప్పేసరికి అన్నం పులిసిపోయి ఉంటుంది. పైగా అది అన్నం! రొట్టె ఉండదు. లచ్చన్న వేలు మళ్లీ నా చేతికే వస్తుంది, ఈసారి కోయించడానికి.

అందరూ లచ్చన్ననే ముందుకు తోశారు. ముదీర్‌తో నువ్వే మాట్లాడు, పెద్దోడివి, అని. ముదీర్ అంటే ఇక్కడి అరబ్బీలో మేనేజరు. మా క్యాంపు ముదీర్ ఇలియాస్ సాబ్‌ది వరంగల్. చెడ్డవాడు కాదు. కేకలెయ్యడు, తిట్టడు. నవ్వుతూ "చూద్దాం, పైకి రాస్త, రేపు రా" అంటాడు. నేను క్లినిక్‌కి దూది అడిగినా అదే మాట. ఆ రేపు ఇంతవరకు రాలేదు.

మా లచ్చన్నేమో వంటగదిలో పులి, ఆఫీసు గుమ్మంలో పిల్లి. లోపలికి వెళ్లాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడట. ఇలియాస్ సాబ్ "ఏం లచ్చన్నా, ఎట్లున్నరు?" అనగానే "అంతా మంచిగనే ఉంది సాబ్" అని తిరిగొచ్చేశాడు. ఆయన రూమ్మేటు రాజమౌళి నెత్తి కొట్టుకున్నాడు.

అప్పుడొచ్చింది ఆ యూనివర్సిటీ. ఎక్కడో విదేశంలో పెద్ద యూనివర్సిటీ అది. ప్రభుత్వాలు నిర్ణయాలెలా తీసుకోవాలో నేర్పే పబ్లిక్ పాలసీ స్కూల్ ఒకటుందట దానికి. రాజధాని కదా అని అబుదాబిలో ఓ ఆఫీసు తెరిచారు. ఇన్నాళ్లూ పెద్దవాళ్లతోనే మాట్లాడాం, ఇక మామూలు జనం దగ్గరకు మనమే వెళ్దాం అనుకున్నారట. జనం దగ్గరకు వెళ్లడమంటే ఏమిటంటే, జనాన్ని బస్సెక్కించి సముద్రపు ఒడ్డున కార్నిష్ పక్కన హోటల్‌కు రప్పించడం.

ఆ స్కూల్ తరఫున వచ్చిన ప్రొఫెసర్ ఫర్జానా మేడం మంచి మనిషి. నిజమైన సమస్య ఒకటి కావాలని అడిగితే ఇలియాస్ సాబ్ వంటగది సంగతే ఇచ్చాడు. "ఆ హోటల్ హాల్లో ఏది తేలితే అదే పైకి పంపుత" అన్నాడు. అంటే మా పొయ్యిల బతుకు ఆదివారం జరగబోయే ఆ సభ మీద పడిందన్నమాట. తెలుగులోకి చెప్పడానికి నన్ను రమ్మంటే చర్చి ఆరాధన కూడా మానుకుని ఒప్పుకున్నాను. అంతకుముందు వారమంతా లచ్చన్నకు చెప్పాల్సిన మాటలు నేర్పాను. 'సాబ్, మాకు పొయ్యి కావాలి. నాకు షుగర్, రొట్టె కావాలి.' ఇంతే! చిన్న పిల్లాడిలా అప్పజెప్పించాను.

హాలు చల్లగా, మెత్తగా ఉంది. అందరి మెడలో పేర్ల కార్డులు. గోడకు అంటించడానికి రంగురంగుల చీటీలు. లచ్చన్న తన వంతు చీటీ తీసుకుని, ఏం రాయాలో తెలియక మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా వెనకాలే కేటరింగ్ వాళ్లు నమూనాగా ఇచ్చిన ప్యాకెట్లు కూడా వచ్చాయి. తెల్లవారుజామున బస్సులో పెట్టి, బస్సుతోపాటు ఎండలో వదిలేసి, అప్పుడే లోపలికి తెచ్చారు.

ఫర్జానా మేడం అప్పుడు తన ఆట బయటపెట్టింది. కుర్చీలు మార్చుకోవాలట. పనివాళ్లు అధికారులవుతారు, అధికారులు పనివాళ్లవుతారు. ఎదుటివాడి కష్టం తెలుస్తుందని. చీటీలు తీస్తే లచ్చన్నకు ముదీర్ వచ్చింది, ఇలియాస్ సాబ్‌కు పనివాడు. మేడం నవ్వుతూ ఇలియాస్ కార్డు తీసి లచ్చన్న మెడలో వేసింది. ఇలియాస్ నెత్తిన పచ్చ హెల్మెట్ పెట్టింది.

కార్డు మెడలో పడగానే లచ్చన్న నడుము నిటారుగా లేచింది. మీసం సవరించుకున్నాడు. పక్కన రాజమౌళి "అయిపాయె" అన్నాడు మెల్లిగా.

"ఏమైంది?" అన్నాను.

"ఊర్ల చిరుతలాటల రాజేషం గీయనదే సిస్టర్. ఏషం కడితే మల్ల మనిషి కాడు." చిరుతలాటంటే చేతుల్లో చెక్క చిరుతలు కొడుతూ ఆడే వాళ్ల ఊరి నాటకం, అందులో రాజు వేషం లచ్చన్నదట.

ఇలియాస్ సాబ్ చేతులు కట్టుకుని, సరదాగా మొదలుపెట్టాడు. "సాబ్, మాకు వంటగది కావాలె సాబ్."

లచ్చన్న వెనక్కి వాలి చిరునవ్వు నవ్వాడు. అచ్చం ఇలియాస్ నవ్వే! "చూద్దాం, చూద్దాం. పైకి రాస్త. రేపు రా."

హాలంతా గొల్లుమంది. ఇలియాస్ కూడా నవ్వాడు. "సాబ్, నిన్న కూడ రేపే అన్నరు."

"అన్న. రేపు ఛుట్టీ. ఎల్లుండి రా. అంతా మీ మంచి కోసమే జేస్తున్నం. కొత్త అన్నం వచ్చింది గద, తిన్నవా?"

"లేదు సాబ్."

"తినకుంటనే బాగలేదంటె ఎట్ల? తిను. నా ముంగట తిను. యల్లా!"

ఇలియాస్ ప్యాకెట్ విప్పాడు. ఆ వాసన నాకు రెండు బల్లల అవతలికి కొట్టింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, కక్కలేక, కళ్లు పెద్దవి చేశాడు. "సాబ్, పులిసిపోయింది."

"అలవాటైతది" అన్నాడు లచ్చన్న నవ్వుతూనే. "వంటగది బంద్. ఖలాస్."

మేడం గడియారం చూసుకుని, చప్పట్లు కొట్టి, భోజనాలకు రమ్మంది. పోతూ పోతూ సారాంశం చదివింది. పనివాడే కుర్చీలో కూర్చుని ఆలోచించినా వంటగది మూసెయ్యాలనే తేల్చాడు, ఇది చాలా ఆసక్తికరం, అని!

నా ఒళ్లు మండిపోయింది. "లచ్చన్న గారూ! ఏంటండీ ఇది? వారమంతా నేర్పింది ఇందుకా? మీ పొయ్యి మీరే ఆర్పేశారు కదండీ! లేవండి, వెళ్లి అసలు మాట చెప్పండి!"

ఆయన లేవలేదు. నావైపు చూసి "రేపు రా సిస్టర్" అన్నాడు.

దేవుడా! కొట్టేదాన్నే. రాజమౌళి అడ్డమొచ్చాడు. "మంగళం పాడలె గద, ఎట్ల లేస్తడు? మంగళారతి కానిదే ఏషం ఇడువద్దని ఆల్ల గురువు ఒట్టేయించిండు."

మా వాళ్లు బఫే దగ్గర్నుంచి చెంచాలు తెచ్చారు. చిరుతల్లా టకటక కొట్టారు. మంగళం పాట ఎవరికీ పూర్తిగా రాదు. అందరూ నావైపు చూశారు. నాకు వచ్చిందల్లా మా చర్చిలో ఆరాధన ముగింపున పాడే కీర్తన. పోనీ, అది కూడా ముగింపే కదా అని పాడేశాను. రాజమౌళి ఫోన్ టార్చి వెలిగించి లచ్చన్న మొహం చుట్టూ తిప్పాడు. సూటు వేసుకున్నవాళ్లంతా పళ్లేలు పట్టుకుని నిలబడి చూశారు. మేడం అయితే ఏదో పెద్ద విషయం దొరికినట్టు రాసుకోవడం మొదలుపెట్టింది.

లచ్చన్న కార్డు తీసి కళ్లకద్దుకున్నాడు. కుర్చీ దిగాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇలియాస్ సాబ్ దగ్గరకు నడిచి, కార్డు ఆయన ముందు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నేను నేర్పిన మాటలే అవి, వెతుక్కుంటున్నాడు పాపం. చెప్పు లచ్చన్నా, చెప్పు, అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను.

"అంతా మంచిగనే ఉంది సాబ్" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కోపం కాదు, ఏడుపే.

ఇలియాస్ సాబ్ కార్డు తీసుకోలేదు. హెల్మెట్ ఇంకా నెత్తిమీదే ఉంది, చేతిలో ప్యాకెట్ ఉంది. లచ్చన్న వైపు తిరిగాడు.

"లచ్చన్నా, నేను గట్లనే మాట్లాడ్తనా?"

లచ్చన్న తల వంచుకున్నాడు.

"మంచిది. మంగళం నీకు పాడిన్రు, నాకు పాడలె" అన్నాడు ఇలియాస్. వెళ్లి పనివాడి కుర్చీలో మళ్లీ కూర్చున్నాడు. "మేడం, రాసుకోండి. గీ అన్నం నేను తినను. నా మనుషులు తినరు. మాకు పొయ్యి కావాలె." ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ మాటే పైకి వెళ్లింది. వంటగది నిలిచింది. గోడకు మంటలార్పే సిలిండర్లు వచ్చాయి, నూనెలో వేయించేవాటి మీద ఆంక్షలు వచ్చాయి. నాకు దూది కూడా వచ్చింది, అడగ్గానే. తలుపు మీద కాగితం ఇలియాస్ సాబే పీకేశాడు.

లచ్చన్న ఇప్పుడు ఇదంతా తన ఎత్తేనని చెప్పుకు తిరుగుతున్నాడు. ప్యాకెట్ తినిపిస్తే గానీ ముదీర్ దారికి రాడని ముందే అనుకున్నాడట! రాజమౌళితో సహా గదిలో అందరూ ముదీర్ సాబ్ అని పిలుస్తుంటే మీసం దువ్వుకుంటున్నాడు. మొన్న షుగరు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఊరుకోలేక అడిగేశాను.

"అంత ఎత్తు వేసినవారు, వేషం తీశాక నేను నేర్పిన మాటలు ఒక్కటీ అనలేకపోయారేం, లచ్చన్న గారూ?"

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వేలు చాపి, సూది గుచ్చేదాకా ఆగి, అప్పుడన్నాడు.

"రాజేషం గురువు నేర్పిండు. ముదీరేషం ఇలియాస్ సాబ్‌ను జూసి నేర్చుకున్న. లచ్చన్న ఎట్ల మాట్లాడాల్నో ఎవలు నేర్పిన్రు సిస్టర్?"

వేలికి దూది అద్ది, "మాటలు మళ్లీ మొదట్నుంచి అప్పజెప్పు లచ్చన్నా" అన్నాను, గారు అనకుండా.