గిఫ్టని రాసి పంపిన చీరలు

తెలివి తక్కువై మునిగినవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. తెలివి ఎక్కువై మునిగిన మనిషిని చూడాలంటే పిడుగురాళ్ల రండి, కాఫీ ఇచ్చి మరీ చూపిస్తాను. ఆ మనిషిని నేనే. అంతదూరం రాలేనివాళ్ల కోసం ఆ ఘనకార్యం ఇక్కడే చెప్పేస్తున్నాను. నవ్వుకోండి, నాకేం కొత్త కాదు.

అప్పట్లో చీరాల వైపు నుంచి నేత చీరలు తెచ్చి, ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్మేదాన్ని. నా బేరం దాచేపల్లి దాటి పోయిన పాపాన పోలేదు. అలాంటిది ఒకరోజు ఇంగ్లండు నుంచి రాజ్యలక్ష్మి గారని ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి చీరలు కావాలన్నారు. సగం డబ్బు ముందే పంపారు, మిగతా సగం చీరలు అందాక.

"నచ్చితే ఇక్కడున్న మన తెలుగువాళ్లందరికీ మీ నంబరిస్తానండీ" అన్నారు.

ఆ ఒక్క మాటకి నేను ఇంగ్లండు మొత్తానికీ చీర కట్టేశాను, మనసులో.

చీరలు మూటగట్టుకుని కొరియర్ కొట్టుకి పరిగెత్తాను. కొట్టు నడిపే సాంబయ్య గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"లోపలేముంది, దేనికి పంపుతున్నావు, విలువెంత, అన్నీ రాయాలమ్మా. దాన్నిబట్టే అక్కడ దిగుమతి పన్ను వేస్తారు."

"ఎవరికి, నాకా?"

"కాదమ్మా, తీసుకునే ఆవిడకి."

మొదటి ఫారిన్ కస్టమరు చేత గుమ్మంలోనే పన్ను కట్టించడమా? ఇక నా నంబరు ఎవరికిస్తుంది?

"గిఫ్టని రాస్తే?"

"చిన్న గిఫ్టయితే వదిలేస్తారు. కానీ అమ్మిన సరుక్కి అలా రాయకూడదమ్మా."

ఆయన చెప్పినదాంట్లో 'వదిలేస్తారు' దాకానే విన్నాను. గిఫ్టని రాసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత విలువ రాయాలి కదా! మా వైపు ఫంక్షన్లలో ఎవరెంత ఇచ్చారో చదివింపులు మైకులో చదువుతారు. వీధి చివర బజ్జీలబండి దాకా వినిపిస్తుంది. చిన్న అంకె చదివించుకుని తలెత్తుకు తిరిగినవాడు మా తాలూకాలో లేడు. మరి ఇంగ్లండు ఆఫీసర్లు నా గిఫ్టు విలువ చదివి, 'ఛీ, ఇంతేనా' అనుకోరూ? అసలు ధరకి మూడింతలు వేసి రాశాను. పరువు నిలబెట్టాననుకుని, దారిలో సోడా తాగి ఇంటికొచ్చాను.

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. అన్నం తింటూ ఫోన్, పోపు వేస్తూ ఫోన్. పార్శిల్ ఎక్కడుందో చూడటం, ఫోన్ పక్కన పెట్టడం, మళ్లీ చూడటం. రెండుసార్లు పప్పు మాడింది. సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మా ఆయన వాసన పీల్చి, "ఏంటే, ఇవాళ పప్పు ఏ దేశం దాకా వెళ్లింది?" అన్నాడు. పార్శిల్ ఇంగ్లండు చేరి, అక్కడ కస్టమ్స్‌లో చతికిలబడింది. ఫంక్షన్ ముంచుకొస్తోంది. చివరికి రాజ్యలక్ష్మి గారే ఫోన్ చేశారు.

"పద్మగారూ, ఇదెక్కడి ఘోరమండీ! ఎంత గిఫ్టయినా విలువ ఇంతుంటే పన్ను కట్టాల్సిందేనట. పన్నే చీరల ఖరీదంత వచ్చింది!"

"అయ్యో! అసలు ధర అంత లేదని చెప్పండి."

"అది నీకెలా తెలుసని వాళ్లడిగితే? కొన్నానని చెప్పనా?"

"వద్దొద్దు! అది గిఫ్టు కదా!"

"అయితే ఏ అబద్ధం ఒప్పుకోమంటారో మీరే చెప్పండి. అసలు పంపిందెవరని అడిగితే ఏం చెప్పను?"

"పిన్ని అనండి" అన్నాను. ఆవిడ నాకంటే పదేళ్లయినా పెద్ద.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా మందుకి ఇద్దరి నాలుకలూ ఊడాయి. పాపం, పిల్ల ఫంక్షన్ ఆగకూడదని ఆవిడ నోరు మూసుకుని పన్ను కట్టేసి చీరలు విడిపించుకున్నారు. నాకు సిగ్గుతో రెండు ముద్దలు కూడా దిగలేదు.

ఫంక్షన్ అయిపోయాక ఫోన్ వచ్చింది. గొంతులో కోపం లేదు, పైగా నవ్వుతున్నారు.

"చీరలు అద్భుతమండీ. ఎక్కడ కొన్నావని ప్రతివాళ్లూ అడిగారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "నా నంబరిచ్చారా?"

"ఎలా ఇస్తానండీ? గిఫ్టని ఈ దేశం చేత నమ్మించి పన్ను కట్టాక, కొన్నానని పదిమందిలో చెప్పమంటారా? ఇండియాలో మా పిన్ని పెట్టిందని చెప్పాను."

"మరి... ఆ మిగతా సగం డబ్బు?"

"పెట్టిన చీరలకి డబ్బులడుగుతారా, పిన్నీ?"

ఫోన్ పెట్టేసి, స్నానం చేసి, దేవుడి ముందు దీపం వెలిగించి ప్రమాణం చేశాను. ఇకమీదట అమ్మిందాన్ని అమ్మానని రాస్తాను, ధర ఎంతో అంతే రాస్తాను, సాంబయ్య గారి మాట చివరిదాకా వింటాను. ఎవరికైనా నిజంగా చీర పెట్టాలనిపిస్తే మాత్రం, ఆర్టీసీ బస్సు వెళ్లే ఊళ్లో ఉన్నవాళ్లకే పెడతాను.