స్టిక్కరమ్మ, వాళ్ళ అత్తగారు

మా వీధి చివర చవక సూపర్‌మార్కెట్టులో సాయంత్రం అయిదు కాగానే ఒకావిడ చేతిలో చిన్న మిషను పట్టుకుని బయలుదేరేది. మర్నాటితో గడువు తీరే సరుకు ఏదుందో వెతికి, దానిమీద పసుపురంగు స్టిక్కరు అంటించేది. స్టిక్కరు పడితే సగం ధర. ఆవిడ పేరు గుండెలమీది బిల్ల మీద రాసే ఉండేది గానీ ఎవరూ చదివినట్టు లేదు. అందరికీ ఆవిడ స్టిక్కరమ్మే.

అయిదింటికి పది నిమిషాల ముందునుంచే జనం చేరతారు. చేరినట్టు కనపడరు, అదీ గమ్మత్తు. ఒకాయన సబ్బు అట్టపెట్టె తిరగేసి వెనక రాసిందంతా పరీక్షకు చదువుతున్నట్టు చదువుతాడు. ఒకామె ఖాళీ బుట్టతో అదే వరసలో నాలుగుసార్లు తిరుగుతుంది. నేను బల్బులు చూస్తూ నిలబడతాను. మా ఇంట్లో బల్బులన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

రెండేళ్ళ కిందట మేమెవరమూ ఇలా లేము. అప్పుడు నూనె ధర ఏడాదిలో మూడుసార్లు పెరిగింది. ఆ తర్వాత ధర పెంచడం మానేసి సీసా నడుము సన్నం చేశారు. బిస్కట్ల పొట్లం పాతదే, లోపల రెండు తగ్గాయి. మూలమీద ఉన్న కిరాణా కొట్టు తట్టుకోలేక మూతపడింది. ఫలానాది చవకా, ఫలానాది ప్రియమా అని పైకి అనడం మర్యాద కాదనుకున్న మనుషులం, ఇప్పుడు మెట్లమీద ఎదురుపడితే గుడ్ల ధర చెప్పుకున్నాకే యోగక్షేమాలు అడుగుతున్నాం.

స్టిక్కరమ్మది మా కింది వాటా. రెండు గదులు, మెట్లవైపు కిటికీ ఉన్న వంటిల్లు. భర్త దూరప్రయాణాల లారీ నడుపుతాడు, నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు. మిగతా రోజులన్నీ అత్తా కోడలూ. అత్తగారు ముప్ఫయ్యేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికించి రిటైరైన మనిషి. ఆ మిషన్ల హోరులో అరిచి అరిచి గొంతు అలాగే ఉండిపోయింది. ఆవిడ రహస్యం చెబితే నాకు పై అంతస్తులో వినపడుతుంది.

కోడలిది మూడేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి కొనసాగిస్తారు, లేదా లేదు. పర్మనెంటు చేస్తే జబ్బు చేసినప్పుడు జీతంతో సెలవు, బోనసు, రేపేమిటన్న బెంగ లేకపోవడం. చేరినప్పుడే ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు: పనిచేసేవాళ్ళు గానీ వాళ్ళ ఇంట్లోవాళ్ళు గానీ పసుపు స్టిక్కరు సరుకు కొనకూడదు. కొనొచ్చంటే ఎవరికి వాళ్ళు సొంతవాళ్ళకోసం అంటించేస్తారని భయం.

కిందటేడు ఒక సాయంత్రం పెరుగు డబ్బాల దగ్గర స్టిక్కరమ్మ వంగి ఉండగా వెనకనుంచి తెలిసిన గొంతు వినిపించిందట.

"ఏవండీ, ఈ పెరుగు ఎప్పటిదండీ?"

తిరిగి చూస్తే అత్తగారు. నెత్తిమీద కండువా, ముఖంలో ఏ బంధుత్వమూ లేదు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళలో ఆవిడ కోడల్ని 'అండీ' అనడం అదే మొదలు. మిషను చేతిలోంచి జారబోయిందని స్టిక్కరమ్మే నాకు చెప్పింది.

ఆ రాత్రి వంటింటి కిటికీలోంచి నాకు మిగతాది వినపడింది.

"పట్టుబడితే నా ఉద్యోగం పోతుందత్తయ్యా!"

"పట్టుబడడానికి నేనేమన్నా జేబు కొడుతున్నానా? డబ్బిచ్చి కొంటున్నా. నువ్వు చూళ్ళేదు, నేను చెప్పలేదు. నాకు కోడలు లేదు, నీకు అత్త లేదు."

"ఆ మాట ఇంటికొచ్చాక కూడా ఖాయమేనా?"

"పెరుగు తిను ముందు."

అలా పదకొండు నెలలు గడిచాయి. కొట్లో ఇద్దరూ పరాయివాళ్ళు. నటనలో అత్తగారిది ఒక మెట్టు ఎక్కువే. ఒకసారి నా ఎదుటే కోడల్ని "మీకు పిల్లలెంతమందమ్మా?" అని అడిగింది. కోడలు కూడా పగ తీర్చుకునేది. గడువు ఎల్లుండిదాకా ఉన్న రొట్టె ముందు అత్తగారు నిలబడి ఎంత గొంతు సవరించుకున్నా, కనుసైగ చేసినా, మిషను దానిమీదికి వెళ్ళేది కాదు. ఆ రోజు ఇంట్లో "పరాయివాళ్ళకే నయం" అన్న మాట పడుకునేదాకా సాగేది.

కిందటి నెలలో పర్మనెంటు చేసేవాళ్ళ జాబితా తయారవుతోందని తెలిసింది. అందులో స్టిక్కరమ్మ పేరుంది. సంతకాలవడమే తరువాయి. "ఈ పదిహేను రోజులూ మీరు ఆ గుమ్మం తొక్కకండత్తయ్యా," అని కోడలు బతిమాలడం విన్నాను. అత్తగారు సరేనంది. నాలుగు రోజులు ఆగింది. అయిదో రోజు వెన్న మీద స్టిక్కర్లు పడతాయని ఎవరో చెప్పారు.

ఆ సాయంత్రం నేను బల్బుల దగ్గరే ఉన్నాను. మా గుంపులో ఒక భారీ మనిషి ఉండేవాడు, తోలుసంచీ ఆయన. ఉదయమే వచ్చి తనక్కావలసింది పిండి సంచుల వెనక దాచిపెట్టి, సాయంత్రం వచ్చి తీసేవాడు. ఆయన రెండు జున్ను పొట్లాలు తెచ్చి స్టిక్కరమ్మ ముందు పెట్టాడు.

"వీటికి వేసెయ్యి."

"వీటికి గడువు ఎల్లుండిదాకా ఉందండీ."

"ఒక్కరోజు తేడాకి ఏమవుతుంది? మీ ఇంట్లోవాళ్ళకైతే గుట్టుగా వేసుకోరూ? దొంగబుద్ధి మీ అందరిదీనూ."

స్టిక్కరమ్మ పొట్లాలు రెండూ ఆయనవైపే జరిపింది. నోరు తెరిచింది అత్తగారు. లాండ్రీ మిషన్లన్నిటినీ దాటుకుని వచ్చిన గొంతుతో.

"ఎవర్నిరా దొంగంటున్నావు? మా కోడలు దొంగా? పదకొండు నెలలుగా దాని చుట్టూ తిరుగుతున్నా, సొంత అత్తని, ఒక్కటంటే ఒక్క స్టిక్కరు ముందుగా వేసిన పాపాన పోలేదు! నాకే వెయ్యనిది నీ మొహానికి వేస్తుందా?"

సబ్బుపెట్టె చదువుతున్నాయన కూడా తలెత్తాడు. అత్తగారి చేతిబుట్టలో మూడు వెన్న పొట్లాలు, మూడింటిమీదా పసుపు స్టిక్కర్లు. పాల అల్మరా పక్కన మేనేజరు నిలబడి ఉన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. నెమ్మదిగా వచ్చి, స్టిక్కరమ్మని అడిగాడు.

"ఈవిడ మీకేమవుతారు?"

ముందు అత్తగారే అందుకుంది. "ఏమీ అవను నాయనా. వయసు మీదపడింది, నోరు జారింది. ఆడపిల్ల ఎవరు కనపడినా నాకు కోడలే."

మేనేజరు ఆ మాట నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు. నమ్మితే ఆయనకూ రాతకోతల బెడద తప్పుతుంది. "అంతేనామ్మా?" అని కోడలివైపు చూశాడు. తల ఊపితే చాలు.

స్టిక్కరమ్మ తల ఊపలేదు.

"మా అత్తయ్యండీ. ఈవిడ కొన్నవన్నీ మేమిద్దరం కలిసే తిన్నాం."

"ఓసి నీ దుంపతెగ!" అంది అత్తగారు. "అబద్ధమాడి చచ్చానుగా! అక్కడితో ఊరుకోవద్దూ?"

బుట్ట అక్కడే పెట్టించారు. తోలుసంచీ ఆయన జున్ను పొట్లాలు రెండూ అల్మరాలో సర్దేసి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. మేనేజరు రిపోర్టు రాశాడు. అందులో 'స్టిక్కర్లలో ఏ తేడా కనపడలేదు' అని కూడా రాశాడట. ఉద్యోగం పోలేదు. జాబితాలో పేరు పోయింది. మళ్ళీ ఏడాదికి గానీ పర్మనెంటు మాట ఎత్తరు. మిషను ఇంకొకరికిచ్చి, స్టిక్కరమ్మని చల్లగదిలో సరుకు దింపే పనికి మార్చారు. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళాలి.

రెండు రోజుల తర్వాత మెట్లమీద కనపడితే, ఉండబట్టలేక అడిగాను, తల ఊపితే పోయేది కదా అని.

ఆవిడ చేతి తొడుగులు తీసి మడత పెట్టుకుంది. "అంతమందిలో నేను దొంగని కాదని చెప్పింది ఆవిడొక్కతేనండీ. వెంటనే ఆవిడెవరో నాకు తెలీదనడానికి నోరు రాలేదు," అంది. తొడుగులు జేబులో పెట్టుకుని, "నెల గడిచాక ఏడుస్తానేమో. ఇప్పటికైతే బాగానే ఉన్నాను," అంది.

అత్తగారు మాత్రం వారం రోజులు గట్టిగా మాట్లాడలేదు. ఇంట్లో ఎవరైనా పోయారా అని కొడుకు ఫోనులో అడిగాడట.

నిన్న ఆదివారం మధ్యాహ్నం నేను ఉప్పుకోసం వెళితే, నూనెల వరసలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. స్టిక్కర్లు లేని సరుకు ఇంట్లోవాళ్ళు కొనొచ్చు. అత్తగారు కళ్ళజోడు పైకెత్తి ధర చీటీ కింద సన్నగా రాసిన లీటరు లెక్క చదువుతోంది.

"పెద్ద సీసాయే చవక. కళ్ళు పెట్టి చూడు."

"చవకేనత్తయ్యా. మొయ్యాల్సింది నేను."

"మొయ్యక? చల్లగదిలో ఏం చేస్తున్నావు, నిద్రపోతున్నావా?"

"మరి మీరు మోస్తారా?"

"నాకు మోకాళ్ళ నొప్పులు. ఏవమ్మా, నీకు తెలీదూ? ఒకే ఇంట్లో ఉంటున్నామాయె!"

ఆ చివరి మాట వరస చివరిదాకా వినపడేలా అంది. గల్లాపెట్టె దగ్గరి అమ్మాయి నవ్వింది. కోడలు పెద్ద సీసానే దింపి బుట్టలో పెట్టింది, విసుక్కుంటూ.