రోడ్డు మీద కట్టిన గడప

భద్రాచలం మీరు ఎన్నిసార్లు వచ్చి ఉంటారు? వచ్చిన ప్రతిసారీ గుడి మెట్లెక్కారు, గోదావరిలో మునిగారు, బస్సుకు వేళయిందని పరుగెత్తారు. ఈ మూడు పనుల నడుమ ఏదైనా ఒక చిన్న దుకాణంలోకి, కొనవలసినది ఏమీ లేకపోయినా, లోపల ఏముందో చూద్దామని అడుగుపెట్టారా? మిమ్మల్ని నిందించడానికి అడగడం లేదు. మా అమ్మ దుకాణం నిలుస్తుందా, పోతుందా అన్నది అలాంటి అడుగుల మీదనే ఆధారపడింది గనుక అడుగుతున్నాను.

ఒకప్పుడు మా దుకాణం కరకట్టకు వెళ్ళే తోవలో ఉండేది. దుకాణమంటే వెదురు గుంజల మీద రేకు కప్పు, కింద ఒక బల్ల. అడ్డాకు విస్తర్లు, పుట్టతేనె, కుంకుడుకాయలు, ఇప్పపువ్వు లడ్డూలు, వెదురు చేటలు అమ్మేవాళ్ళం. సరుకంతా అడవి ఊళ్ళ ఆడవాళ్ళు తెచ్చి ఇచ్చేదే. స్నానానికి వెళ్ళేవాళ్ళూ, తడిబట్టలతో తిరిగి వచ్చేవాళ్ళూ మా బల్ల ముందు నుంచే నడిచేవారు. గిరాకీని పిలవవలసిన అవసరం అమ్మకు ఏనాడూ రాలేదు. నాన్న పోయిన తరువాత ఆ బల్ల మీది సంపాదనతోనే ఆమె నన్ను ఖమ్మంలో డిగ్రీ చదివించింది.

నా చదువు ముగిసిన ఏడు గోదావరి కట్ట అంచుదాకా వచ్చింది. నీళ్ళు తీసిన తరువాత వెళ్ళి చూస్తే బల్ల ఉండిన చోట మోకాలి లోతు ఒండ్రు, అందులో ఒరిగిన ఒక గుంజ. ఇకమీదట అక్కడ ఎవరూ దుకాణం పెట్టరాదని అధికారులు అన్నారు. నష్టపోయిన వాళ్ళకు లాడ్జీల వెనక సందులో వరసగా కట్టి ఉన్న గదులు ఇచ్చారు. గట్టి గోడలు, ఇనుప షట్టరు. అమ్మకు చిట్టచివరి గది వచ్చింది. ఒక షరతు కూడా వచ్చింది: నడిచే దుకాణానికే గది. ముక్కోటి పండుగ దాటాక అధికారి వచ్చి చూస్తాడు. గిరాకీ లేని గదిని తిరిగి తీసుకుని మరొకరికి ఇస్తారు.

షరతు న్యాయంగానే వినిపిస్తుంది. కాని ఆ సందును చూసినవారు ఎవరూ దానిని న్యాయమనరు. ఒకవైపు లాడ్జీల వెనక గోడలు, వాటి మీద పాకిన మురుగు గొట్టాలు, తీగల మీద ఆరేసిన లాడ్జీ దుప్పట్లు. దారి తప్పినవాళ్ళు, చాటు వెతుక్కునే మగవాళ్ళు తప్ప అటు వచ్చేవారు లేరు. అమ్మ పొద్దున్నే షట్టరెత్తి, వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గేసి, తక్కెడకు బొట్టు పెట్టి కూర్చునేది. మధ్యాహ్నానికి ముగ్గు అలాగే ఉండేది. తొక్కినవారు లేరు.

వారం వారం విస్తర్ల కట్టతో వచ్చే కోయ ఆవిడ ఒకరోజు గడప దగ్గరే ఆగిపోయింది.

"అక్కా, పోయిన వారంవి గట్లనే ఉన్నయి. ఇవి గూడ దించాల్నా?"

"దించు. ఏడ పెట్టుకుంటవ్ మళ్ళ మోసుకపోయి?" అంది అమ్మ.

ఎండి పెళుసెక్కుతున్న విస్తర్ల దొంతర గోడ పొడవునా లేస్తూ ఉంది. గది పోతే పోయేది అమ్మ ఒక్కదాని బతుకు కాదని నాకు ఆ దొంతరను చూసినప్పుడు అర్థమయింది.

కాలేజీలో నేను డిబేట్లు చేసేదాన్ని. ఒక వాదాన్ని ఖండించే ముందు దాని అసలు బలం ఎక్కడుందో కనుక్కోమని నేర్పారు. 'జనం రావడం లేదు గనుక ఆ దుకాణం అక్కరలేనిది' అన్నది ఎదుటి వాదం. దాని బలమంతా మొదటి సగంలో ఉంది. జనం సరుకు నచ్చక రావడం లేదా, సరుకు ఉందని తెలియక రావడం లేదా? రెండోదే నిజమైతే తెలిపే ఉపాయం వెతకాలి. ఊరు ఊరంతా చేతిలో ఫోను పట్టుకుని తిరుగుతోంది. దుకాణం ఫొటోలు, సరుకు వివరాలు, సందులోకి దారి చూపే మ్యాపు ఇంటర్నెట్‌లో ఒకచోట పెట్టి, దానికొక క్యూఆర్ కోడ్ తీశాను. రెండు బోర్డులు చేయించాను. ఒకటి గుడి కింద చెప్పుల స్టాండు కంచెకు, మరొకటి బస్టాండు ఎదుట టీ కొట్టు గోడకు, వాళ్ళను అడిగే పెట్టాను. జనం ఊరికే నిలబడేది ఆ రెండు చోట్లనే.

మొదటిరోజు చెప్పుల స్టాండు దగ్గర నిలబడి గమనించాను. ఒక పెద్దాయన ఫోను తీసి, కోడ్ ముందు పట్టబోయి ఆగాడు.

"ఇదేంది, దీనికెంత కొట్టాలె?" అని భార్యను అడిగాడు.

"కొట్టకు. చందా అయితది. మొన్న కల్లూరుల గిట్లనే ముందుగాల కొట్టి, ఎవలికి పోయినయని నన్నడిగినవ్."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాకు అంతవరకూ తట్టని విషయం అది. మా దగ్గర ఆ నలుపు తెలుపు గళ్ళను చూసిన ఎవరికైనా గుర్తొచ్చేది డబ్బు పోవడమే. కూరగాయల బండి మీద, ఆటో అద్దం మీద, హుండీ పక్కన ఎక్కడ కనిపించినా అది పైసలు తీసుకునే యంత్రమే. అది దారి చూపగలదని వాళ్ళకు ఎవరు చెప్పారు?

పక్క గదిలో గాజుల దుకాణం నడిపే ఆయనను నేను మామా అని పిలిచేదాన్ని. వావి ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి ఆయన నన్ను కోడలా అంటాడు గనుక. ఆయనదీ మా గతే. సాయంత్రం గాజుల డబ్బాలు తుడుస్తూ అన్నాడు:

"కోడలా, డిబేట్లల్ల కప్పులు గెలిచినవంట. ఒక్క గిరాకీని గెలువరాదు?"

"గెలుస్తా మామా. కాస్త ఆగు."

"ఆగుడెందుకు? బోర్డు మీద 'శీఘ్ర దర్శనం' అని రాయి. ఎట్ల ఉరికొస్తరో చూడు."

"మన దగ్గర దర్శనం ఎక్కడుంది?"

"మీ అమ్మ దర్శనం అయితది గద. లోపటికొచ్చినంక తేనె నాకిపియ్యి, గాజులు నేను తొడుగుత."

అమ్మ నవ్వింది. చాలా రోజుల తరువాత నవ్వింది. అయినా నేను రాయలేదు. పొద్దుటి నుంచి క్యూలో నిలబడి కాళ్ళు వాచిన ముసలివాళ్ళు ఆ మాట చదివి ఆశతో సందులోకి వస్తే, విస్తర్ల దొంతర ముందు నిలబడి వాళ్ళకు నేనేం చెప్పను? బదులుగా కోడ్ కింద పెద్ద అక్షరాలతో ఇలా రాయించాను: "డబ్బు కట్టేది కాదు. అడవి సరుకుల దుకాణానికి దారి."

ఆ మాట పనిచేసింది. ఒకరు, ఇద్దరు, ఒక్కోనాడు ఒక కుటుంబం, ఫోను ముందు పట్టుకుని మురుగు గొట్టాల కింద తల వంచి వచ్చేవారు. తేనె రుచి చూసేవారు. కొందరు కొనేవారు, కొందరు కొనేవారు కాదు. మాకోసం వచ్చినవాళ్ళు గాజుల దుకాణంలోకీ తొంగిచూసేవారు. "బోర్డు చూసి వచ్చిన్రా?" అని అమ్మ ప్రతి ఒక్కరినీ అడిగేది. అవునంటే ఇప్పలడ్డు ముక్క ఒకటి చేతిలో పెట్టేది. ముక్కోటి మీద అందరికీ ఆశ పుట్టింది. విస్తర్ల ఆవిడ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తాజా సరుకు పోగుచేసి తెచ్చింది. పండుగనాడు గది నిండితే ఆ మరునాడు అధికారి ముందు వాదించవలసిన పనే ఉండదు.

పండుగ ముందు సాయంత్రం నేను గదిలో సరుకు సర్దుతున్నాను. అమ్మ పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని బయటికి వెళ్ళి వచ్చింది. ఎక్కడికని నేను అడగలేదు.

ముక్కోటినాడు ఉత్తర ద్వార దర్శనం ముగిసి జనం మెట్లు దిగుతున్న చప్పుడు మా సందులోకి వినిపించింది. జనసముద్రం పక్కనే కదులుతున్నట్టు ఆ హోరు. మేము ఎదురుచూశాము. ఒక్కరూ రాలేదు. పండుగ రద్దీకి ఫోన్లలో సిగ్నల్ అందడం లేదేమో అనుకున్నాను. నా ఫోనులో అందుతూనే ఉంది. గాజుల మామ తన గడప మీదకు వచ్చి నిలబడి, సందు మొగ వైపు చూసి, లోపలికి వెళ్ళి తుడిచిన డబ్బాలనే మళ్ళీ తుడవసాగాడు. విస్తర్ల ఆవిడ మూలన కూర్చుని విస్తర్లను ఒక దొంతర నుంచి మరొక దొంతరకు మార్చి పేర్చుతోంది. చేయవలసిన పని కాదది.

ఎండ నడినెత్తికి వచ్చాక ఉండబట్టలేక చెప్పుల స్టాండుకు పరుగెత్తాను. బోర్డు ముందు ఇద్దరు ఆడపిల్లలు ఫోను దగ్గరికి, దూరానికి జరుపుతున్నారు.

"వస్తలేదే. ఖరాబైనట్టుంది" అని ఒకతె రెండో ఆమెతో అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

కోడ్ నాలుగు మూలలా నాలుగు బొట్లు ఉన్నాయి. చిక్కటి పసుపు ముద్ద, దాని నడుమ కుంకుమ. ద్వారబంధానికి పెట్టినంత శ్రద్ధగా, గుండ్రంగా పెట్టినవి. క్యూఆర్ కోడ్‌కు మూడు మూలల్లో మూడు పెద్ద గళ్ళు ఉంటాయి. ఫోను ముందుగా వెతికేది వాటినే. అవి కనబడకపోతే మిగతా గళ్ళన్నీ దానికి వట్టి చుక్కలే. నడిమధ్యన ఒక బొట్టు పెట్టి ఉంటే బహుశా ఏమీ అయ్యేది కాదు. కాని బొట్టు మూలలకే కదా పెడతారు?

ముందు సాయంత్రం అమ్మ పట్టుకెళ్ళిన పళ్ళెం గుర్తొచ్చింది; పెట్టిన చేతితోనే తీయించాలని ఆమెను పిలుచుకొచ్చాను. తడిగుడ్డ చేతికి అందించబోయాను. ఆమె తీసుకోలేదు.

"దుకాణానికి గడప అదే గదనే. సందుల ఉన్నదాన్ని ఎవలు చూస్తున్నరు? రోడ్డు మీద ఉన్న గడప ఇదే. పండగ పూట గడపకు బొట్టు లేకుంట ఎట్ల?"

"అమ్మా, బొట్టు ఉంటే ఫోను చదవదు. చెరపాలి."

"చెరపాల్నా?"

"ఇప్పుడే చెరపాలి. జనం వెళ్ళిపోతున్నారు."

ఆమె బోర్డు వైపు చూస్తూ నెమ్మదిగా అంది: "మీ నాయిన పోయిన్నాడు నా మొకాన చెరిపిన్రు. వద్దన్న, ఇనలే. నా చేత్తోని నేను ఇంకోటి చెరపను బిడ్డా. నువ్వు చెరుపు. నేను చూడను."

నుదుటి బొట్టు చెరిపే ఆచారానికి వ్యతిరేకంగా నేను వేదికల మీద మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు. ఆ ప్రసంగాలలోని ఒక్క వాక్యమైనా ఆ క్షణాన నాకు అక్కరకు రాలేదు. అమ్మ వెనుదిరిగి గోదావరి వైపు ముఖం పెట్టి నిలబడింది. నేను చెరిపాను. చెప్పుల స్టాండు బోర్డు ప్లాస్టిక్‌ది గనుక పసుపు మరక మిగిలినా ఫోను దానిని చదివింది. బస్టాండు దగ్గరి బోర్డుకూ అవే బొట్లు; అది కాగితం మీద టేపు అంటించినది. తుడవగానే టేపు లేచి, మూల చిరిగి నా చేతికి వచ్చింది. కొత్తది తీయించడానికి పండుగనాడు ప్రింటింగ్ దుకాణాలు తెరిచిలేవు. అప్పటికే బస్సులు నిండి కదులుతున్నాయి. పొద్దు వాలేలోగా మా గదిలోకి ఒకే ఒక జంట వచ్చింది. మంచినీళ్ళు అడిగి, తాగి, తేనె ధర కనుక్కుని వెళ్ళారు.

మరునాడు అధికారి వచ్చాడు. మంచి మనిషే. గది చూశాడు, సరుకు చూశాడు, మనుషుల కోసం చూశాడు.

"చూడమ్మా, పండుగకే ఇట్లుంటే మామూలు రోజుల్లో ఎట్లుంటది?" అన్నాడు.

"సార్, ఈ సందులోకి మీరు ఇంతకుముందు ఎన్నడైనా వచ్చారా?" అని అడిగాను.

"పని పడలేదు."

"గుడికి వచ్చేవాళ్ళకూ అట్లనే పని పడలేదు సార్. దారే లేని చోట గది ఇచ్చి, జనం ఎందుకు రాలేదని గదిలో ఉన్నవాళ్ళను అడగడం సరైన ప్రశ్నేనా?"

ఆయన కోప్పడలేదు. కాసేపు తీగల మీది దుప్పట్ల వైపు చూశాడు. "శ్రీరామనవమి దాకా చూద్దాం. ఆ తరువాత నా చేతిల ఉండదు" అని వెళ్ళిపోయాడు.

వాదన గెలిచిన సంతోషం నాకు కలగలేదు. దొరికింది గడువు మాత్రమే. ఆ సాయంత్రం షట్టరు దించుతూ అమ్మ అడిగింది:

"మీ మామ చెప్పిన మాట రాస్తే పాపమా? ఈ గది పోతే, గా విస్తర్ల ఆమె వాపసు పోతే, అది పాపం గాదా?"

అబద్ధంతో రప్పించిన మనిషి మళ్ళీ రాడని చెప్పవచ్చు; కాని నిజంతో పిలిచినా రాని మనుషుల మాటేమిటని ఆమె అడిగితే? బోర్డు మీద మాత్రం అబద్ధం రాయలేదు. కొత్త బోర్డులలో కోడ్‌ను చిన్నది చేసి, చుట్టూ వెడల్పుగా అంచు వదిలించాను. ఆ అంచు మూలలు అమ్మవి. ప్రతి శుక్రవారం వెళ్ళి పెట్టి వస్తుంది. ఫోను చదువుతుంది. జనం వస్తున్నారు గాని గది నిండేంత కాదు, నవమి దగ్గరపడుతోంది, విస్తర్లు ఇంకా గోడ పొడవునా ఉన్నాయి.

కనుక మిమ్మల్నే అడుగుతున్నాను. ఈసారి భద్రాచలం వస్తే నవమికి ముందే రండి. చెప్పులు విడిచేచోట కంచె మీద, పసుపు మూలల బోర్డు ఒకటి కనిపిస్తుంది. ఫోను తీసి దాని ముందు పట్టండి. మీ డబ్బు ఎక్కడికీ పోదు. ఎలా పట్టాలో తెలియక తటపటాయిస్తున్న పెద్దవాళ్ళెవరైనా పక్కన ఉంటే వాళ్ళకూ చూపించండి. లాడ్జీల వెనక, దుప్పట్లు ఆరేసిన సందులో చివరి గది మాది. ఏమీ కొనకపోయినా ఫరవాలేదు. లోపలికి వచ్చి కాసేపు కూర్చోండి. అధికారి వచ్చి చూసే వేళకు ఆ గదిలో మనుషులు ఉండాలి.