తిరపతమ్మ నవ్విన ఫోటో

2023 అక్టోబరు. జగ్గయ్యపేట బస్టాండు నుంచి మార్కెట్‌కి వెళ్ళే దారిలో మా ఫ్లెక్సు షాపు. పద్దెనిమిదేళ్ళుగా నేనే నడుపుతున్నాను. బీకాం చదివి ఫ్లెక్సులు కొట్టడమేంటని మొదట్లో కొందరు అడిగారు. "బీకాం చదివి మీరేం కొడుతున్నారు?" అని నేనూ అడిగాను. తర్వాత ఎవరూ ఆ మాటెత్తలేదు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, పెళ్ళిళ్ళు, నాయకుల స్వాగతాలు, చివరికి శ్రద్ధాంజలి. ఈ చుట్టుపక్కల మనుషుల ముఖ్యమైన రోజులన్నీ మా మెషీన్లోంచి పది అడుగుల వెడల్పున బయటికొస్తాయి.

ఆ ఏడాదే, నలభై ఏడేళ్ళ వయసులో, నేను మళ్ళీ స్టూడెంటునయ్యాను. నందిగామలో హారిక అనే అమ్మాయి ఉంది. హైదరాబాదులో డిజైన్ చదువుకుని, ఇంట్లోంచే ఏదో కంపెనీకి పనిచేసుకుంటూ, ఆదివారాలు వాళ్ళ మేడమీద ఎనిమిదిమందికి గ్రాఫిక్ డిజైన్ నేర్పేది. మిగతా ఏడుగురూ కాలేజీ పిల్లలు. కస్టమర్లు ఫోనులో ఏవేవో చూపించి "ఇలా సింపుల్‌గా కావాలండి" అనడం మొదలుపెట్టారు, అందుకని చేరాను. సింపుల్‌గా చేయడం నాకు రాదు. ఖాళీ కనిపిస్తే అక్కడో గులాబీ పెట్టడమే నాకు వచ్చిన విద్య.

మొదటి క్లాసులోనే గొడవ పడ్డాను. "ఖాళీ కూడా డిజైనే ఆంటీ" అంది హారిక. "మా ఊళ్ళో ఖాళీ కనపడితే, అక్కడ మా బావమరిది ఫోటో పడుతుంది కదా అంటారమ్మా" అన్నాను. పిల్లలు పడీ పడీ నవ్వారు.

రెండో గొడవ ఒరిజినల్ గురించి. ఎవరి ఫోటో వచ్చినా ముందు కాపీ తీసుకోవాలి, అసలుదాన్ని ముట్టుకోకూడదు అంటుంది. మార్పులన్నీ లేయర్ మీద చేయాలట. లేయర్ అంటే ఫోటో మీద పరిచిన గాజుపలక లాంటిది. దిద్దుబాట్లన్నీ ఆ పలక మీదే ఉంటాయి. పలక తీసేస్తే కింద అసలు ముఖం చెక్కుచెదరకుండా ఉంటుంది.

"ఇవన్నీ తీరిగ్గా కూర్చునేవాళ్ళకమ్మా. మా షాపులో కస్టమరు నెత్తిమీద నిలబడతాడు. తెరిచామా, దిద్దామా, సేవ్ కొట్టామా, ప్రింటిచ్చామా, అంతే. పద్దెనిమిదేళ్ళలో ఒక్క ఫోటో పాడైంది లేదు."

హారిక నవ్వి తర్వాతి పాఠం తెరిచింది. గెలిచాననుకున్నాను.

హోంవర్కుగా ఒక నోటుబుక్కు పెట్టమంది. ఆ వారంలో ఏది చూసి మీకు ఏదైనా చేయాలనిపించిందో అందులో రాయాలి. నేను రాసింది ఒకటే వాక్యం: "కస్టమరు అరిస్తే చేయాలనిపిస్తుంది." దాని కింద ఆ పిల్ల ఎర్రపెన్నుతో "ఇంకొంచెం చూడండి ఆంటీ" అని రాసింది. నాకు ఒళ్ళు మండింది. రోజుకి పది ముఖాల్ని నాలుగింతలు పెద్దవి చేసి చూసేదాన్ని. నాకు చూడటం నేర్పుతుందట!

తర్వాతి శనివారం పొద్దున సామ్రాజ్యమ్మగారు వచ్చారు. వేదాద్రి దగ్గర వ్యవసాయం. అరవై దాటిన మనిషి. గుమ్మం బయటే నిలబడ్డారు.

"మైలలో ఉన్నానమ్మాయ్, లోపలికి రాను."

"మా షాపుకొచ్చేవాళ్ళలో సగంమంది మైలలోనే వస్తారండి. మేం పట్టింపు పెట్టుకుంటే షాపు మూసుకోవాలి. రండి, కూర్చోండి."

కూర్చుని, చిన్న బటన్ల ఫోను నా చేతిలో పెట్టారు. కోడలు తిరపతమ్మ డెంగ్యూ జ్వరంతో ఆస్పత్రిలో చేరి నాలుగు రోజుల్లో పోయింది. ముప్ఫై నాలుగేళ్ళు. తొమ్మిదేళ్ళ కూతురు ఉంది. బుధవారం పెద్దకర్మ. పందిరి ముందు పెట్టడానికి ఫ్లెక్సు కావాలి.

"ఇందులో ఒకటే ఉంది, చూడు. మిగతా ఏ ఫోటోలో చూసినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంటది."

చూశాను. కల్లంలో మిరపకాయల రాశి ముందు గొంతుక్కూర్చుని ఒకమ్మాయి రంగుపోయిన తాలుకాయలు ఏరుతోంది. రెండు చేతులూ మణికట్టుదాకా ఎర్రగా ఉన్నాయి. తల పైకెత్తి, నోరారా నవ్వుతోంది.

"నేనే తీశానమ్మాయ్, పోయిన సీజన్లో. ఫోను తిరగేసి పట్టుకున్నానంట. 'అత్తా, నీ ముక్కు నువ్వే తీసుకుంటున్నావు' అని నవ్వింది. చేతులకి మిరప ఘాటు కదా, నోటికి అడ్డం పెట్టుకోలేకపోయింది."

ఇంకేదో చెప్పబోయి ఆగి, పంతులుగారు రాసిచ్చిన సామాన్ల చీటీ తీసుకుని బజారుకెళ్ళారు. రెండు గంటల్లో వస్తానన్నారు.

మా పనిలో రీటచింగ్ అని ఒకటుంటుంది. ముఖం మీది మచ్చలు తీయడం, చెమట తుడవడం, జుట్టు సర్దడం. శ్రద్ధాంజలి ఫోటోలకైతే ఎవరూ అడగకుండానే చేస్తాం. పోయినవాళ్ళని అందంగా సాగనంపాలన్నది మాకు మేం పెట్టుకున్న రివాజు. నూలుచీర పట్టుచీర అవుతుంది, బోసి మెడలోకి గొలుసు వస్తుంది. అప్పటిదాకా కాదన్నవాళ్ళు లేరు. ఏడుస్తూనే "ఎంత బావుందో" అన్నవాళ్ళే అంతా.

తిరపతమ్మకి పైవరసలో పన్నుమీద పన్ను ఉంది. అందుకా అమ్మాయి నోటికి అడ్డం పెట్టుకునేదీ, పాపం, అనుకున్నాను. ఫోనులోని మెమరీకార్డు తీసి నేరుగా సిస్టంలో పెట్టాను. కార్డులోనే ఫోటో తెరిచాను. ఎండకి కమిలిన బుగ్గలు తెల్లబరిచాను, చేతుల ఎరుపు తగ్గించాను, ఆ పన్ను తీసేసి వరస చక్కగా సర్దాను. మంచిపని చేశాననే అనుకున్నాను. సేవ్ కొట్టి, మూసేసి, ఇంకొకరి పెళ్ళి ఫ్లెక్సు అందుకున్నాను.

ఆవిడ తిరిగొచ్చాక ప్రూఫ్ చేతికిచ్చాను. పెద్ద ప్రింటుకి ముందు సరిచూసుకోమని ఇచ్చే చిన్న కాగితం అది. ఆవిడ దాన్ని దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఎవరమ్మాయ్ ఈవిడ?"

"మీ కోడలేనండి."

"దాని పన్నేది?"

"తీసేశానండి. అందరూ తీయమనే అంటారు."

"నేనన్నానా?"

"మీరనలేదు. కానీ..."

"అన్నాలే. నేనే అన్నా. నీతో కాదు, దాంతో. పెళ్ళయిన కొత్తలో పదిమందిలో అన్నా, నవ్వితే చూడలేకపోతున్నాం, ఆ పన్ను పీకించుకోవే అని. అది పీకించుకోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలెట్టింది. పదమూడేళ్ళు పెట్టుకుంది." కాగితం బల్లమీద పెట్టేశారు. "నువ్వు పావుగంటలో పీకేశావు. మళ్ళీ పెట్టమ్మా."

"ఒక్క నిమిషం" అని కార్డు తెరిచాను. అందులో ఉన్నది ఒకే ఫోటో, నేను దిద్దిన ఫోటో. కాపీ తీయలేదు. లేయర్ వేయలేదు. అసలుదాని మీదే గీకి, అసలుదాని మీదే సేవ్ కొట్టాను.

"రేపు నందిగామలో మా టీచరుకి చూపిస్తానండి. ఏదో ఒకటి చేస్తుంది" అన్నాను.

ఆవిడ అరిచి ఉంటే బావుండేది. "అందులో అదొక్కటే ఉందమ్మాయ్" అని మాత్రం అన్నారు, నన్ను తప్పుపడుతున్నట్టు కాకుండా, ఏదో సమాచారం చెప్తున్నట్టు.

ఆదివారం క్లాసుకి అందరికంటే ముందు వెళ్ళాను. హారిక కార్డు తీసుకుని ఏవేవో సాఫ్ట్‌వేర్లు పెట్టి గంటసేపు వెతికింది. పిల్లలు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"పాతదాని మీదే కొత్తది పడింది ఆంటీ. రాదు."

"నేను ముందే చెప్పాను కదా" అంటుందని ఎదురుచూశాను. అంటే ఏం జవాబివ్వాలో బస్సులో సిద్ధం చేసుకున్నాను కూడా. ఆ పిల్ల అనలేదు. మంచినీళ్ళిచ్చింది. అప్పుడు ఏడ్చాను.

"మళ్ళీ గీయొచ్చు ఆంటీ. చూసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు చెప్తుంటే గీయండి" అంది.

సోమవారం సామ్రాజ్యమ్మగారిని నా కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఈసారి కాపీ తీశాను, లేయర్ వేశాను. తిరపతమ్మ నోటిని తెరంతా వచ్చేట్టు పెద్దది చేశాను.

"చెప్పండి. ఏ వైపు?"

ఆవిడ తెరవంక చూశారు. కుడివైపు వేలు పెట్టారు. తీసేశారు. ఎడమవైపు పెట్టారు.

"నువ్వు చూశావు కదమ్మాయ్, తీసేముందు. ఏ వైపు?"

గుర్తు తెచ్చుకోవడానికి కళ్ళు మూసుకున్నాను. పన్ను ఉండటం గుర్తుంది, తీసేయడం గుర్తుంది. వైపు గుర్తు లేదు. ముఖం మొత్తం తెరమీద నాలుగింతలు చేసుకుని, నా చేత్తో చెరిపిన పన్ను అది. నేను దాన్ని చూడలేదు. తీయాల్సినదాన్ని చూశాను, అంతే.

"నాకు గుర్తులేదండి."

"నాకూ లేదు" అన్నారావిడ. తెరమీంచి వేలు తీసేసి, "పదమూడేళ్ళు ఒకే పొయ్యి దగ్గర ఉన్నాం. అడ్డం పెట్టుకునేట్టు చేసిందే నేను, ఇంక నాకెక్కడ కనపడతదిలే" అన్నారు.

"మీ అబ్బాయిని అడుగుదాం."

"వద్దు. ఫోటో పోయిందని వాడికి చెప్పొద్దు."

"పోయిందని చెప్పొద్దు. ఊరికే అడగండి."

చాలాసేపు బతిమాలాక ఫోను చేశారు. స్పీకరు పెట్టాను.

"ఏరా శీనూ, తిరపతమ్మ పన్నుమీద పన్ను ఏ వైపురా?"

అటునుంచి ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు. "ఎడమవైపమ్మా. తన ఎడమ. కోరపన్ను మీదకి కొంచెం వాలి ఉంటది. ఎందుకూ?"

"ఊరికేరా" అని పెట్టేశారు.

ఫోను ఒళ్ళో పెట్టుకుని తెరమీది నోటివంక చూశారు.

"అయితే వాడి ముందు అడ్డం పెట్టుకునేది కాదన్నమాట" అన్నారు. "వాడి ముందు నవ్వేదన్నమాట." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "గియ్యి."

గీశాను. ఆవిడ చెప్తూనే ఉన్నారు. ఇంకొంచెం పైకి, ఇంకొంచెం వంపు, ఊఁ, అంతే అంతే. ఎలా ఉండేదో ఆవిడకి తెలియదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడ చెప్పారు, నేను గీశాను. చేతుల ఎరుపు మళ్ళీ పెట్టాను. బుగ్గల నలుపు మళ్ళీ పెట్టాను. పూలేవీ పెట్టలేదు. మిరపకాయల రాశి, ఆ అమ్మాయి, చుట్టూ ఖాళీ. ప్రింటు చూసి ఆవిడ, "ఇదే. ఇది మా తిరపతమ్మే" అన్నారు.

బుధవారం నేనే ఆటోలో వేసుకుని వేదాద్రి తీసుకెళ్ళాను. పందిరి ముందు కట్టించాను. జనం వచ్చి చూసి, "ఎంత బాగా నవ్విందిరా" అనుకుంటున్నారు. సామ్రాజ్యమ్మగారు వచ్చినవాళ్ళందరికీ "నేనే తీశా, ఫోను తిరగేసి పట్టుకున్నానని నవ్వింది" అని చెప్తున్నారు.

ఆవిడ కొడుకు శీను ఫ్లెక్సు ముందుకొచ్చి నిలబడ్డాడు. పక్కన పాప. నా వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"పన్ను ఇంత పొడుగు కాదండి. పొట్టిగా ఉండేది. మా పాప ఇందాకే చెప్పింది, నేనూ చూశా."

నాలో నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ బయటికొచ్చేశాయి. "అసలుది నేను చెరిపేశానండి. తప్పు నాదే. ఇది నేను గీసింది. సరిచేసి ఇంకొకటి..."

"వద్దండి." వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ ఎవరికో ఫోను తిరగేసి పట్టుకోవడం చేతులతో చేసి చూపిస్తున్నారు. "అమ్మకి మాత్రం చెప్పకండి. అచ్చం అలాగే వచ్చిందనుకుంటోంది."

పాప కూడా నావంక చూసి చెప్పొద్దన్నట్టు తలూపింది.

ఆ వారం నోటుబుక్కులో నేనేం రాయలేదు. హారిక అడగలేదు. కోర్సు పూర్తయ్యాక సర్టిఫికెట్ ఇచ్చింది, షాపులో తగిలించలేదు.

ఇప్పుడు ఎవరి ఫోటో వచ్చినా ముందు కాపీ తీస్తాను. అది ఎవరైనా నేర్చుకుంటారు, నేనే ఆలస్యంగా నేర్చుకున్నాను. రెండోది కోర్సులో లేనిది. మౌస్ పట్టుకునేముందు కస్టమర్ని అడుగుతాను: "ఈ ముఖంలో ఏది తీయకూడదో చెప్పండి." ఏది తీయాలో అందరూ టకటకా చెప్తారు. ఈ ప్రశ్నకి మాత్రం వెంటనే జవాబు రాదు. ఫోటో దగ్గరికి లాక్కుంటారు. కొందరు దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తారు. వాళ్ళు చూసినంతసేపూ, ఊరంతా నోటిదురుసు మనిషినని చెప్పుకునే నేను, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంటాను.