కరువుకు కప్పిన టార్పాలిన్

ఆ రోజుల్లో, అంటే ఫిల్మ్ నగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ అనిపించుకుంటే చాలు జన్మ తరించినట్టే అని నేను నమ్మిన రోజుల్లో, రైతు కష్టాల మీద సినిమా తీయడం ఒక అంటుజబ్బులా పాకింది. జూబ్లీహిల్స్‌లో ఏసీ గది, మధ్యలో జీడిపప్పు పళ్ళెం, చుట్టూ కూర్చుని కరువు గురించి కళ్ళు తుడుచుకునే పెద్దమనుషులు. వాళ్ళలో ఒక్కరికైనా వాన ఏ నెలలో పడుతుందో తెలిస్తే ఒట్టు. మా డైరెక్టర్‌గారికి (చాటుగా నల్లద్దాలాయన అనేవాళ్ళం, స్నానానికి కూడా అవి తీయరని పుకారు) నెర్రెలిచ్చిన నేల పిచ్చి పట్టుకుంది. "నాకు పగుళ్ళు కావాలయ్యా, అవి చూసి జనం ఏడవాలి" అనేవారు. పాలమూరు దిక్కున మా మేనమామకు నల్లరేగడి చేను ఉందని నోరు జారాను.

ఎండాకాలంలో ఆ చేలో పగుళ్ళు కాలు దిగబడేంత ఉంటాయి. అప్పుడే తీస్తే గొడవే లేదు. కానీ హీరోగారి జాతకానికి మృగశిర కార్తెలో గానీ మంచి ముహూర్తం దొరకలేదట. రైతన్నవాడు మబ్బు కోసం మొహం ఎత్తి చూసే రోజులవి. కరువు సినిమాకు తొలకరిలో కొబ్బరికాయ కొట్టే తెలివి మా సినిమావాళ్ళకు తప్ప ఇంకెవరికి వస్తుంది? (నేను చెప్పబోతే ప్రొడక్షన్ మేనేజర్ "నువ్వేమన్నా వాతావరణ శాఖవా?" అన్నాడు.)

మేం చేరిన మధ్యాహ్నమే పడమటి నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. "ఏంటయ్యా ఇది? కరువు సినిమాలో వానేంటి?" అని డైరెక్టర్‌గారు వణికిపోయి, ఉన్న టార్పాలిన్లన్నీ చేను మీద పరిపించి, మేకులు కొట్టించి తాళ్ళు బిగించారు. కరువు తడిసిపోకుండా కాపాడిన మహానుభావులం లోకంలో మేమే అయ్యుంటాం. వాన దంచికొట్టింది. పక్క చేలన్నీ తాగుతున్నాయి. మా మామ చేను ఒక్కటే టార్పాలిన్ పట్టా కింద నోరెండి పడుకుంది. మామ గొంగడి కప్పుకుని వచ్చాడు.

"ఏంది అల్లుడా గీ పని? పోయినేడు గింజలు పెట్టినంక నెల దాంక చుక్క రాలలే. గీ పదును పోతే మల్ల మొగులు ఎప్పుడు దయ తలుస్తదో. విప్పు."

"ఒక్క షాట్ పెద్దాయనా, ఎండ రాగానే తీసేసుకుంటాం. మీ కష్టాలే కదండీ మేం తీస్తున్నది" అన్నారు డైరెక్టర్‌గారు గొడుగు కింద నుంచి.

"లేని కష్టం తెచ్చిపెట్టి తీస్తరా సార్?" అన్నాడు మామ.

తాడు ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుందని తెలుసు. మామ రెండోసారి అడగను కూడా లేదు, తనే వంగి ముడి లాగడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. నేనూ వంగాను. తడిసిన ముడి ఊడి చస్తేనా, పళ్ళతో లాగాను. సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్లు మోగుతాయి, అక్కడ మాత్రం నా ప్యాంటు చిరిగింది. పట్టా తొలగగానే ఆ పగుళ్ళు గుటగుటా నీళ్ళు తాగాయి. "నా కరువయ్యా, నా కరువు" అంటూ డైరెక్టర్‌గారు బురదలో జారిపడి, లేస్తూనే నన్ను తీసేశారు.

ఆ పదునుకు మామ పెట్టిన పత్తి నిలిచింది. పగుళ్ళేమో ఫిల్మ్ నగర్ స్టూడియోలో ప్లాస్టర్‌తో పోయించారు. జనం నిజంగానే ఏడ్చారు, టికెట్ కొన్నందుకు. మామను హాలుకు తీసుకెళ్తే ఆ నేల చూసి "గీ భూమి ఏడిది అల్లుడా?" అన్నాడు. ఫిల్మ్ నగర్‌దే అన్నాను. "పాపం, గాడ వానలు పడవా?" అని జాలిపడ్డాడు.

ఇప్పుడు నాకూ జూబ్లీహిల్స్‌లో ఆఫీసు ఉంది, కారుంది, బోలెడు పెద్దరికం ఉంది. మొన్న తొలకరికి ట్రాఫిక్‌లో ఇరుక్కుని "పాడు వాన, ఇప్పుడే రావాలా" అని తిట్టాను. ఆ ప్యాంటు చిరిగిన కుర్రాడు గనక పక్కసీట్లో ఉంటే నా మొహం చూడకుండా దిగి నడిచి వెళ్ళిపోయేవాడు. అలా అనుకుంటే నవ్వొచ్చింది. వాడు నిజంగానే ఎక్కడో దిగిపోయాడని తోచి కాస్త దిగులూ వేసింది.