పెనుకొండలో పెట్టని బీగంచెవి

మేడమ్ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను ధర్మవరం నుంచి హిందూపురం వచ్చే బస్సులో ఉన్నాను. నా ముఖం చూసి పక్క సీటామె "ఎవరమ్మా?" అని అడిగింది. "మా మేడమ్" అన్నాను. "స్కూల్లోనా?" అంది. అవునన్నాను. మా పనేమిటో ఆమెకు వివరించే ఓపిక లేకపోయింది. మీకు మాత్రం వివరించాలి, లేకపోతే మేడమ్ ఎలాంటి మనిషో చెప్పలేను.

కాలేజీలో నాకు కంప్యూటర్ ల్యాబ్ నేర్పింది ఆమే. తర్వాత హిందూపురంలో సొంతంగా చిన్న ఆఫీసు పెట్టి నన్ను పిలిచారు. చుట్టుపక్కల ఊళ్లలోని దుకాణాల కంప్యూటర్లను కూర్చున్న చోటి నుంచే బాగుచేయడం మా పని. ఎర్రర్ వస్తే నాకు కాలు నిలవదు, వెంటనే ఏదో ఒకటి కొట్టాలి. ఆమె మాత్రం చెనిక్కాయలు, అదే వేరుశనగకాయలు, ముందేసుకుని ఒలవడం మొదలుపెట్టేవారు. "చేతులు ఖాళీగా ఉంటే కీబోర్డు మీదికి పోతాయి పాపా. ముందు చదువు. ఎర్రర్ తిట్టు కాదు, జవాబు. ఎవరు చెప్తాండారో చూడు."

ఆమెను తలుచుకుంటే ముందుగా ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది.

ధర్మవరంలో ఆమె తమ్ముడికి పట్టుచీరల మగ్గాలున్నాయి. డిజైన్లన్నీ ఒకే పాత కంప్యూటర్లో ఉండేవి. వాళ్ల నాయన చేత్తో గీసినవి కూడా అందులోనే. కాగితాలను ఎప్పుడో చెదలు తినేశాయి. ఆ రోజు దాని డిస్కు కటకటమని చప్పుడు మొదలుపెట్టింది. అది ఆగిపోయేలోపు ఫైళ్లు బయటికి తీయాలి.

హిందూపురంలో మా లైను నత్తనడక. అందుకని పెనుకొండలో అద్దెకు తీసుకున్న పెద్ద కంప్యూటర్లోకి నేను వెళ్లి, అక్కణ్నుంచి ధర్మవరం తలుపు తట్టి, ఫైళ్లు లాగాలి. ఆ తలుపు తెరిచే బీగంచెవి, అంటే రహస్య కీ, నా కంప్యూటర్లో ఉంటుంది. ధర్మవరం "నువ్వెవరు?" అని అడిగితే ఆ ప్రశ్న పెనుకొండ మీదుగా నా దాకా వచ్చి, జవాబు ఇక్కణ్నుంచే పోతుంది. కీ మాత్రం గడప దాటదు. దీన్నే ఏజెంట్ ఫార్వర్డింగ్ అంటాం.

ఆ రోజు అది పనిచేయలేదు. ఎన్నిసార్లు తట్టినా ధర్మవరం నుంచి ఒకటే మాట, అనుమతి లేదు అని.

"అక్కా, ఇది ఇంగా అరుస్తాండాది" అన్నాడు తమ్ముడు ఫోన్ స్పీకర్లో.

"అరవనీ రా. అరిచినంతసేపు బతికుండాదని."

"నీకు నవ్వులాటగా ఉండాది."

నాకు అడ్డదారి కనిపిస్తూనే ఉంది. "మేడమ్, కీని పెనుకొండలోకి కాపీ చేస్తే ఇప్పుడే అయిపోతుంది. తర్వాత తీసేద్దాం."

"ఆ కంప్యూటర్లోకి ఇంకెవరు వస్తాండారు?"

"వేరే ఆఫీసుల వాళ్లు కూడా."

"ఆ కీతో ఎవరెవరి అంగళ్లు తెరుచుకుంటాయి?"

అందరివీ. కీబోర్డు మీంచి చేతులు తీశాను.

తమ్ముడు అంతా వింటున్నాడు. "పిల్ల చెప్తాండాది కదక్కా, పెట్టెయ్! నా ఇల్లు కాలిపోతాంటే ఊరి బీగాల సంగతి ఎందుకు నీకు?"

"ఊరోళ్లు నన్ను నమ్మి ఇచ్చిన బీగాలప్పా. నీకోసమని బజార్లో పెట్టేకి అవి నావి కాదు."

ఆ మాట మెల్లగానే అన్నారు. కానీ ఆమె వేళ్ల మధ్య చెనిక్కాయ ఒలవకుండానే పొడైంది.

"ఒక్కో గడప దగ్గర నిలబడి అడుగు పాపా" అన్నారు. అడిగాను. నా కంప్యూటర్లో కీ ఉంది. కొత్తగా పెనుకొండలోకి వెళ్లి చూస్తే అక్కడికీ కనిపిస్తోంది. కాపీ నడపాల్సిన సెషన్‌లోకి వెళ్లి అడిగితే మాత్రం, నా కంప్యూటర్లో ఉండి జవాబు చెప్పే ఏజెంట్‌ను చేరలేకపోతున్నానంది. కరెంటు పోయి లైను తెగినా పని ఆగకుండా, పెనుకొండలో ఒక సెషన్‌ను మూయకుండా ఉంచుకోవడం మా అలవాటు.

"ఈ సెషన్ ఎప్పటిది?"

"నిన్నటిది మేడమ్."

ఆమె కళ్లు మూసుకున్నారు. "నేనే తెరిచి పెట్టి పోయినా."

నన్ను చేరే దారి అని ఆ సెషన్ పట్టుకు కూర్చున్నది నిన్నటి కనెక్షన్ చిరునామా. ఆ కనెక్షన్ నిన్ననే పోయింది. లేని ఇంటి తలుపు తడుతూ ఉంది పాపం. దాన్ని వదిలేసి కొత్త సెషన్ తెరిచాను. ధర్మవరం తలుపు తెరుచుకుంది.

ఫైళ్లు ఒకటొకటే వస్తున్నాయి. బుటాలు వచ్చాయి, కొంగులు వచ్చాయి. చివరి ఫైలు సగంలో ఉండగా ఫోన్‌లో కటకట ఆగిపోయింది. ముగ్గురం విన్నాం.

"ఏది రాలేదు?" అన్నాడు తమ్ముడు.

"నాయన వేసిన అంచు."

"అప్పుడే కీ పెట్టింటే వచ్చుండేది కదా?"

"వచ్చుండేది. పాత సెషన్ చూసుకోకపోయింది నా తప్పే, కాదనను. కీ మాత్రం ఆడ పెట్టను. రేపైనా పెట్టను."

అతను ఫోన్ పెట్టేశాడు. తర్వాత అక్క గడప తొక్కలేదు. ఆమె ఆ ఊసు నాతో ఎత్తలేదు. తమ్ముడి నంబరు తెరిచి, చూసి, మళ్లీ ఫోన్ బోర్లించడం మాత్రం చాలాసార్లు గమనించాను. ఆమె చేసింది సరైనదేనా అని నాలో నేను ఇప్పటికీ వాదించుకుంటాను. ఒక రోజు ఆమె గెలుస్తారు, ఒక రోజు ఆ అంచు గెలుస్తుంది. అయినా ఆఫీసులో ఎవరి కీ అయినా సరే, ఇంకొకరి కంప్యూటర్లో పెట్టబోతే నా చేయి ఆగిపోతుంది. అది ఆమె పెట్టిన భిక్ష.

బస్సు దిగి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. సాగనంపే ముందు ఆమెకు కప్పాల్సిన పుట్టింటి చీర కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. తమ్ముడు వస్తాడో రాడో అని వాకిట్లో గుసగుసలు. "వాడా? వాడు రాడులే" అంటోంది ఒకామె.

వచ్చాడు. చంకలోని గుడ్డమూట విప్పి, ఎర్రని పట్టుచీర తీశాడు. ఒంటి నిండా ఆ రోజు మేం లాగిన బుటాలే. అంచులో మాత్రం ఏమీ లేదు.

నా వైపు చూసి, "దీనికి ఇంగో అంచు వెయ్యేకి మనసు రాలేదు పాపా" అన్నాడు. "బోడిగానే నేయించినా. ఎవురికీ అమ్మలా."

చీర కప్పి, ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. కొత్త పట్టు, మడతలు బిరుసుగా ఉన్నాయి. ఆ ఖాళీ అంచును అరచేత్తో అదిమాడు. చేయి తీయగానే అది లేచింది. మళ్లీ అదిమాడు.